ఎవరూ నడవని గది

మావయ్య పోయాడని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను రాంచీలో ఎవరి ఇంటికో మెట్ల డ్రాయింగు గీస్తున్నాను. పొద్దున్నే టీ తాగి, సైటుకి బయల్దేరి, జంషెడ్‌పూర్ బర్మామైన్స్‌లో తన ఇంటి గుమ్మంలో కూర్చుని ఒక కాలికి బూటు తొడుక్కున్నాడట. రెండో బూటు చేతిలోనే ఉండిపోయిందట. అత్త లోపల్నుంచి "బేగి వెళ్ళు, ఎండెక్కిపోతంది" అని అరుస్తూనే ఉందట. తమ్ముడు ఇదంతా హిందీలో చెప్పాడు. వాడికి ఏడుపు కూడా హిందీలోనే వస్తుంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చెప్పాల్సింది చెప్పకుండా ఇంత సులువుగా ఎలా వెళ్ళిపోయాడని కోపం.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. రాస్తాను, ఉన్నంత మేరకు. చదివే మీకు మాత్రం ముందే చెప్పేస్తున్నాను. ఈయన నన్ను ఎత్తుకుని తిప్పాడు. ఇల్లంటే ఏమిటో నాకు నేర్పాడు. తర్వాత మా ఇంట్లోంచి నా గదిని తీసేశాడు. ఇందులో ఏ ఒక్కటి దాచినా అది మా మావయ్య గురించి రాసినట్టు కాదు.

ఆయన మా అమ్మకి తమ్ముడు. శ్రీకాకుళం వైపు నుంచి తాపీ పనికి జంషెడ్‌పూర్ వచ్చి, మేస్త్రీ అయ్యి, ఖర్కాయి నది అవతల ఆదిత్యపూర్‌లో ఇళ్ళు లేవడం మొదలయ్యాక బిల్డరయ్యాడు. బిల్డరంటే కారూ ఆఫీసూ అనుకునేరు. స్కూటరు డిక్కీలో టిఫిన్ డబ్బా, దాని పక్కన గోడ నిలువు చూసే తూకంగుండు, అంతే ఆఫీసు. గుండుకి కూర మరకలుండేవి. "అది కూడా తినాల కదేటి, పొద్దస్తమానం వేలాడతంది" అనేవాడు.

మాలాగా కడ్మాలో ఉక్కు కంపెనీ క్వార్టర్లో పెరిగినవాళ్ళకి సొంత ఇల్లంటే ఏమిటో తెలియదు. గోడకి మేకు కొట్టాలన్నా మా నాన్న ఆలోచించేవాడు. రేపు రిటైరైతే అప్పజెప్పాల్సిన గోడ అది. ఇల్లు అనేది ఎవరో ఒకరు నేల మీద మొదలుపెడితేనే లేస్తుందని నాకు మావయ్య సైటు చూశాకే తెలిసింది. ఆదివారం చర్చి అవగానే నన్ను స్కూటరు మీద ముందు నిలబెట్టుకుని తీసుకుపోయేవాడు. అమ్మ "ఆడగుంట నల్లబడిపోతంది" అని గోల పెట్టేది. "నల్లబడితే ఏటౌద్ది, ఇనప ఊర్లో పుట్టింది" అనేవాడు.

ఆయన ముగ్గు పోసే రోజు చూడాలి. మాది క్రైస్తవుల ఇల్లు, గుమ్మం ముందు ముగ్గు ఉండేది కాదు. నాకు తెలిసిన ముగ్గు ఇదొక్కటే. పునాది తవ్వేముందు దారం కట్టి, దాని వెంట సున్నం పోసి, గోడలెక్కడ వస్తాయో నేల మీద తెల్లగా గీసేవాడు. ఇంటి నక్షా చేతిలో ఉన్నా ఒక్కసారి చూసి జేబులో పెట్టేసేవాడు. నా పని తలుపులు. తలుపు రావాల్సిన చోట నేను పాదాలు రెండూ ఆనించి నిలబడాలి. ఆయన డబ్బాతో సున్నం పోసుకుంటూ వచ్చి, నా కాళ్ళ దగ్గర ఆపి, అటువైపు నుంచి మళ్ళీ మొదలుపెట్టేవాడు. నేను నిలబడ్డచోటు ఖాళీగా మిగిలేది. అదే తలుపు. ఈ ఊళ్ళో ఎన్ని ఇళ్ళల్లోకి జనం నా పాదాల మీదుగా వెళ్తున్నారో అని ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

ముగ్గు అయ్యాక అసలు పని. ఆ ఇంట్లో ఉండబోయే వాళ్ళందరినీ పిలిపించి గీతల్లో నడిపించేవాడు. ఖాళీ నేలలో ఆడమనిషిని నిలబెట్టి "వంట చెయ్యమ్మా" అనేవాడు. ఆమె సిగ్గుపడుతూ లేని పొయ్యి దగ్గర నిలబడితే "గిన్నెలెక్కడ కడుగుతావు? నీళ్ళెటు పోతాయి?" అని ప్రాణం తీసేవాడు. మగమనిషిని "నువ్వు నైట్ షిఫ్టు నుంచి వచ్చేవు, పడుకో" అనేవాడు. ప్లాంటులో నలుగురిని అదిలించే ఫోర్‌మన్ గారు ఇస్త్రీ ప్యాంటుతో మట్టిలో పడుకునేవాడు. "ఎండ మొకమ్మీద కొడతందా? కొడితే చెప్పు, కిటికీ జరుపుతాను." ఎవరైనా తొందరలో సున్నం గీత దాటి పక్క గదిలోకి వెళ్ళారంటే ఇక అయిపోయినట్టే. "గోడలోంచి నడుత్తావేటి? దెయ్యానివా? తలుపులోంచి రా!"

ఎవరూ నడవని గదికి గోడ కట్టేవాడు కాదు. "అది గదవదు, రేపు చెత్తకొట్టవుద్ది" అని గీతని బూటుకాలితో చెరిపేసేవాడు. ఎంత డబ్బున్నవాడు బతిమాలినా వినేవాడు కాదు. ఆ వయసులో నాకు అంతకంటే న్యాయమైన నియమం లోకంలో లేదనిపించేది.

నేను ఆర్కిటెక్చర్ చదువుతానంటే ఇంట్లో సంతోషించింది ఆయనొక్కడే. ఏడిపించింది కూడా ఆయనే. "బిల్డరుకీ ఆర్కిటెక్టుకీ తేడా ఏటో తెలుసునా? గోడ కారితే జనం బిల్డరింటికొచ్చి తిడతారు. ఆర్కిటెక్టింటికి ఎవులూ రారు. ఆడి పేరు రాయి మీద ఉంటాది, ఇల్లు ఎక్కడుందో ఎవుడికీ తెలీదు" అనేవాడు. నేను సెలవులకొచ్చి నా డ్రాయింగులు పరిస్తే అద్దాలు పెట్టుకుని, వేలుతో గదుల్లో నడిచేవాడు. తలుపులోంచి తలుపులోకి, గీత దాటకుండా. నా ప్రొఫెసర్లెవరూ నా డ్రాయింగుని అంత మర్యాదగా చూడలేదు.

నాన్న పోయాక క్వార్టరు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఆదిత్యపూర్‌లో ఎప్పుడో కొన్న చిన్న జాగా ఉంది. నేను గీస్తాను, మావయ్య కడతాడు, ఇంకేం కావాలి? హాలు, వంటిల్లు, అమ్మకో గది, తమ్ముడికో గది. తూర్పువైపు చివర నాకో గది. దాని కిటికీలోంచి దూరంగా దల్మా కొండ కనిపిస్తుంది. నేను అప్పుడు రాంచీలో ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. కొన్నాళ్ళకి తిరిగొచ్చేసి, ఆ గదిలో టేబుల్ వేసుకుని, సొంతంగా పని మొదలుపెట్టాలని నా ఆశ. పెళ్ళీ గిళ్ళీ సంగతి అప్పుడు చూసుకుందామనుకున్నాను. ఇదంతా మావయ్యకి చెప్పాను. "అలగే. నువ్వొచ్చీదాకా ముగ్గు పొయ్యను. నీ గదిలో నువ్వే నడవాల కదేటి" అన్నాడు. ఫోన్లో అన్నాడు. ఆ మాట నాకు ఈ రోజుకీ చెవిలో ఉంది.

ఆఫీసులో పని తెమిలి నేను బస్సెక్కి వచ్చేసరికి పునాది లేచిపోయి ఉంది. నేను పునాది చుట్టూ తిరిగాను. హాలు, వంటిల్లు, అమ్మ గది, తమ్ముడి గది. మళ్ళీ తిరిగాను. తూర్పువైపు చివర చదును చేసిన మట్టి ఉంది, అంతే.

మావయ్య పైపు పట్టుకుని ఇటుకలు తడుపుతున్నాడు.

"మావయ్యా, నా గదేది?"

"అటు కారు షెడ్డొత్తంది. తమ్ముడు గాడీ కొన్నాడు కదేటి, ఎండలో పెడతాడా?"

"గాడీ గురించి అడగలేదు. నా గదేది?"

"నువ్వు రాంచీలో ఉంటన్నావు. ఎవులు నడుత్తారే అందులో?"

"నేనొచ్చేదాకా ముగ్గు పొయ్యనన్నావు."

"అన్నాను."

"మరి?"

"పోసేసాను."

పైపు ఆపలేదు, నా మొహం చూడలేదు. జీవితంలో మొదటిసారి ఆ మనిషి నాతో గోడలోంచి మాట్లాడాడు. పైపు ఇంకో వరస మీదికి తిప్పి "షెడ్డు మీద రాడ్లు వదుల్తానులే. రేపు నీకు మేడ మీద గది. గాలే గాలి" అన్నాడు. "గాల్లో కట్టు, బాగుంటుంది" అన్నాను. అమ్మ టిఫిన్ క్యారియరు పట్టుకుని నీడలో నిలబడి ఉంది. "ఎండగా ఉంది, ఇటు రండి, తినండి" అంది. తమ్ముడు "అరే దీదీ, ఛోడో నా" అన్నాడు. వదిలెయ్యమట. వాడి గది ఉంది కదా, వాడు ఏమైనా అంటాడు. నేను తినలేదు. వచ్చిన బస్సులోనే వెనక్కి వెళ్ళాను.

నియమం ఆయనది. చిన్నప్పట్నుంచీ దాన్ని ప్రేమించినదాన్ని నేను. దాంతోనే నన్ను కొట్టాడు. అందులోకి నడవడానికి నేను సిద్ధంగా ఉన్నానని తెలిసి, నన్ను పిలవకుండా, "ఎవరూ నడవలేదు" అన్నాడు. పరాయి బిల్డరు చేసి ఉంటే పోట్లాడి పునాది తవ్వించేదాన్ని. ఈయన చేతిలో పెరిగాను కాబట్టి నోరు మూసుకున్నాను. మనవాళ్ళు మోసం చేస్తే అదొక్కటే తేడా, గట్టిగా అరవడానికి కూడా మొహమాటం.

గృహప్రతిష్ఠ ప్రార్థనకి వెళ్ళాను, వెళ్ళకపోతే నలుగురూ నవ్వుతారని. పాస్టరు గారు ప్రతి గదిలో నిలబడి ప్రార్థన చేశారు. షెడ్డులో చెయ్యలేదు. షెడ్డు కప్పు మీద నిజంగానే రాడ్లు వదిలాడు మావయ్య. అవి తుప్పు పట్టాయి. అమ్మ వాటికి తాడు కట్టి దుప్పట్లు ఆరేసేది.

ఆ తర్వాత మాటలు మానేశామనుకోకండి. మాట్లాడుకునేవాళ్ళం. ఇల్లు తప్ప అన్నీ. పండగకి వెళ్తే అత్త చేత నాకిష్టమైన చేపల పులుసు పెట్టించేవాడు. ఇంటికి వెళ్ళినప్పుడల్లా నేను హాల్లో దివాను మీద పడుకునేదాన్ని, చుట్టంలాగా. పొద్దున్నే పాలవాడు తలుపు కొడితే లేచి దుప్పటి మడతపెట్టేదాన్ని. నా ఇంట్లో నాకు దక్కింది ఆ మడత దుప్పటి.

రాంచీలో నేను సొంతంగా చేసిన మొదటి బిల్డింగు చూడ్డానికి ఒకసారి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తలకి నూనె. ప్రతి గదిలోకీ తలుపులోంచే వెళ్ళి, తలుపులోంచే బయటికొచ్చాడు. మెట్ల పక్కన చిన్న గదిలో కూర్చుండిపోయాడు.

"ఇదెవులికే?"

"కాపలా మనిషికి. పడుకోడానికి చోటుండాలి కదా."

"కుదిరేడా ఆ మనిషి?"

"ఇంకా లేదు. దొరుకుతాడు."

చాలాసేపు ఆ గోడ వైపు చూశాడు. "అదీ తేడా" అన్నాడు. "నాను ఉన్నోళ్ళకి కడతాను. నువ్వు ఇంకా రానోళ్ళకి గీత్తావు." ఊరెళ్ళాక చర్చిలో అందరికీ ఇదే చెప్పాడట, మా మేనకోడలు ఇలాగ అని. ఆ రోజు మాత్రం నేను గుమ్మంలోంచి కదల్లేదు. ఇప్పుడు చెప్తాడు, నీ గది ఎందుకు తీసేశానంటే అని మొదలుపెడతాడు అనుకున్నాను. ఆయన నోరు తెరిచాడు కూడా. "టీ ఎక్కడ దొరుకుద్ది?" అన్నాడు.

మట్టి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆయన దగ్గర పనిచేసిన మేస్త్రీలందరూ వచ్చారు. కొందరు ఒడియా వాళ్ళు, కొందరు బిహారీలు, తెలుగువాళ్ళు తక్కువే. ఆయన ఎవరి భాషలో వాళ్ళని తిట్టేవాడట, ఆ తిట్లు చెప్పుకుని ఏడ్చారు. తర్వాత చర్చివాళ్ళు ఓదార్పు ప్రార్థనకి ఆదరణ కూడిక పెట్టిన రోజు పొద్దున్న పాత మేస్త్రీ ఒకాయన సమాధి చుట్టూ దిమ్మె కట్టడానికి సున్నం గీత పోశాడు. చిన్న గది, పొడుగ్గా. తలుపు లేదు. మిగిలిన సున్నం గమేళా తట్టతో సహా మా షెడ్డులో పెట్టి వెళ్ళాడు.

కూడిక అయిపోయింది. ఊరి నుంచి వచ్చిన చుట్టాలని తమ్ముడు కారులో టాటానగర్ స్టేషనుకి తీసుకెళ్ళాడు. అమ్మా నేనూ పెరట్లో టీ గ్లాసులు కడుగుతున్నాం. అమ్మ కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతోంది. చిన్నప్పుడు పిలిచినట్టే నన్ను అమ్మీ అంది.

"అమ్మీ, ఒకటి చెప్తాను. చెప్పకపోతే నాను కూడా ఆడిలాగే పోతాను."

"చెప్పు."

"ముగ్గు ఆడు పోసేడు. నీ గదికి కూడా పోసేడు."

నేను చేతిలో గ్లాసు కింద పెట్టాను.

"నీకోసం ఆగుదామన్నాడు. నానే తొందర చేసేను. సరే అని పోసి, ఇది అమ్మి గది, దాని బదులు నువ్వు నడు అక్కా అన్నాడు. తలుపు కాడ చెయ్యి చూపించేడు. నాను నడవలేదు."

"ఎందుకు?"

"పుట్టింట్లో గదుంటే ఆడపిల్ల అక్కడే ఉండిపోద్దని చర్చిలో ఆడోళ్ళు అన్నారు. నాకూ అలాగే అనిపించింది. గది లేపోతే పెళ్ళి చేసుకుని నీ ఇంటికి నువ్వెళ్తావనుకున్నాను." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆడు చాలాసేపు నిలబడ్డాడే. నడు అక్కా, నడు అక్కా అన్నాడు. నాను కదల్లేదు. అప్పుడు కాలితో చెరిపేసేడు. అమ్మికి నా పేరు చెప్పకురా అన్నాను. నామీదేసుకుంటాన్లే, నా వీపు వెడల్పే కదా అన్నాడు."

కూర్చున్నచోటే కూర్చున్నాను. ఆయన మీద పెట్టుకున్న కోపం ఇప్పుడు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆయన మంచివాడని తేలిపోయింది కదా, చల్లబడిపో అంటారేమో మీరు. చల్లబడలేదు. అక్క అడిగింది, తమ్ముడు ఒప్పుకున్నాడు. నాకు గది ఉండాలో వద్దో వాళ్ళిద్దరూ తేల్చుకున్నారు. గది పోయాక నేను ఎవరి మీద కోపపడాలో కూడా వాళ్ళే తేల్చుకున్నారు. నేను ఇన్నేళ్ళూ బతికిన కోపం నేను గీసినది కాదన్నమాట. అది కూడా ఆయన కట్టి ఇచ్చిందే. నా నక్షా అడగకుండా. రాంచీలో ఆ చిన్న గదిలో కూర్చుని నోరు తెరిచినప్పుడు చెప్పి ఉంటే ఏం పోయేది మావయ్యా? అక్కకిచ్చిన మాట నిలబెట్టుకున్నావు. నాకిచ్చిన మాటో?

లేచి షెడ్డులోకి వెళ్ళాను. కారు లేదు, నేల మీద నూనె మరక ఉంది. ఆ గది నాకు కంఠతా వచ్చు, దారం అక్కర్లేదు. గమేళాలో డబ్బా ముంచి, కిటికీ రావాల్సిన గోడతో మొదలుపెట్టాను. సున్నం సన్నగా పడుతోంది. చెయ్యి ఆయనదిలాగే ఊగుతోందని నాకే తెలుస్తోంది, దానికీ ఒళ్ళు మండింది. ఒక గోడ, మూల తిరిగి రెండో గోడ, మళ్ళీ మూల, మూడో గోడ. ఇంటివైపు గోడ ఒక్కటే మిగిలింది.

అమ్మ వచ్చి బయట నిలబడింది. లోపలికి వచ్చి నన్ను పట్టుకోవాలంటే రెండడుగులు చాలు. గీత మీదుగా అడుగు వేయబోయి ఆగిపోయింది.

"తలుపెక్కడే?" అంది.

నేను డబ్బా మళ్ళీ ముంచాను. ముగ్గు నేనెప్పుడూ పొయ్యలేదు. తలుపు దగ్గర నిలబడేదాన్ని నేను. పోసేది ఆయన. ఇప్పుడు పోస్తున్నది నేను, నిలబడే మనిషి లేదు. వంగి నాలుగో గోడ పోస్తూ వస్తున్నాను.

అమ్మ చెప్పులు విప్పింది. చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని, ఇంటివైపు తిరిగొచ్చి, నా గీత రాబోయే దారిలో, మోకాళ్ళ నొప్పులతో మెల్లగా, పాదాలు రెండూ ఆనించి నిలబడింది.

నేను ఆగలేదు. సున్నం అమ్మ పాదాల మీద పడింది. వేళ్ళ మీద, పగుళ్ళలో, చీర అంచు మీద తెల్లగా పడుతూ అవతలి మూలదాకా వెళ్ళిపోయింది. అమ్మ కాళ్ళు తియ్యలేదు.

గేటు బయట తమ్ముడి కారు హారను మోగింది. మళ్ళీ మోగింది. అమ్మ అలాగే నిలబడి ఉంది.